నేల చెప్పిన కథలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తెలుగు నేల తొలినాటి సంగతుల గురించే. రాజుల వంశావళులు అడిగినవాళ్లు తక్కువ. "ఇది అప్పుడు జరిగిందని మీకెలా తెలుసు?" అని అడిగినవాళ్లే ఎక్కువ. అడగాల్సిన ప్రశ్న అదే కాబట్టి ఏ రాయి, ఏ మట్టి పొర ఆ కథ చెప్పిందో కూడా కలిపి రాస్తున్నాం.

ప్రశ్న: మా ఊరి పక్కన పెద్ద బూడిదగడ్డ ఉంది. హిడింబాసురుణ్ణి కాల్చిన బూడిద అని మా తాతలు చెప్పేవారు. నిజానికి అక్కడ ఏం కాలింది? (మక్తల్ ప్రాంతం నుంచి)

జవాబు: పశువుల పేడ కాలింది. కృష్ణా, తుంగభద్రల చుట్టుపక్కల ఇలాంటి గడ్డలు చాలా ఉన్నాయి. అనంతపురం వైపు పాలవాయిలో ఒకటి, బళ్లారి దగ్గర కుడతినిలో మరొకటి. మీకు దగ్గరలోనే, పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు వేరు) 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్.ఆర్. ఆల్చిన్ తవ్వకం జరిపారు. బూడిద పొరల కింద గుంజలు పాతిన గుంటలు వరసగా బయటపడ్డాయి. అది చెట్ల మొదళ్లతో కట్టిన దడి. లోపల ఒకటి, దాని చుట్టూ ఇంకొకటి. లోపలి దడిలో మంద ఉండేది, రెండు దడుల మధ్య జాగాలో మనుషులు గుడిసెలు వేసుకున్నారు. ఒక పొర మీద గొడ్ల గిట్టల జాడలు అలాగే నిలిచి ఉన్నాయి. క్రీస్తుకు రెండు వేల ఏళ్లకు పైబడి ముందు, తడి పేడలో అడుగేసి వెళ్లిన ఆవుల గుర్తులవి. తెలుగు నేల మీద పాడి గురించి ఇంతకంటే కళ్లకు కట్టే సాక్ష్యం మరొకటి కనిపించదు.

గడ్డలో అక్కడక్కడా గాజులా మెరిసే, చిల్లులు పడ్డ తేలిక గడ్డలు దొరుకుతాయి. వాటిని చూసే ఒకప్పుడు కొందరు ఇది ఇనుము కరిగించిన చిట్టెం అనుకున్నారు, ఇంకొందరు అగ్నిపర్వతం అనుకున్నారు. గడ్డిలో సన్నని ఇసుక పదార్థం, అంటే సిలికా, ఉంటుంది. గొడ్డు కడుపులో అది అరగదు, పేడలో బయటికి వస్తుంది. పేడ కుప్ప పెద్దదై లోపల వేడి బాగా నిలిచినప్పుడు బూడిదలోని క్షారంతో కలిసి ఆ సిలికా కరుగుతుంది, చల్లారాక గాజవుతుంది. పిడకల పొయ్యిలో ఇలా జరగకపోవడానికి కారణం అంత వేడి నిలవకపోవడమే.

ఎందుకు కాల్చారన్నది మిగిలిన ప్రశ్న. కాలిన పొర, దాని మీద మళ్లీ పేడ, మళ్లీ కాలిన పొర, ఇలా పదే పదే కనిపిస్తుంది కనుక ప్రమాదమే కారణమని చెప్పలేం. పశువుల్ని మంటల మీదుగా దాటించే పండగ ఆనవాయితీకి ఇది పూర్వరూపం కావచ్చని ఆల్చిన్ ఊహించారు. ఊహే అయినా మాకు నచ్చిన ఊహ.

ఆ బూడిదను ఎరువుకు బండ్లకెత్తడం ఆపించండి. కథ ఉన్నది బూడిదలో కాదు, పొరల వరసలో. ఒక మూలన పలుగు దిగితే ఏది ముందు, ఏది వెనక అన్నది పోతుంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ తిరిగి పేర్చలేరు.

ప్రశ్న: జ్వాలాపురం బూడిద కూడా ఇలాంటిదేనా?

జవాబు: కాదు. పాత కర్నూలు జిల్లా జుర్రేరు లోయలో ఉన్నది సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం నుంచి సుమారు 74,000 ఏళ్ల కిందట గాలిలో వచ్చి పడిన బూడిద. వానలకు పల్లంలోకి కొట్టుకొచ్చి కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మేట వేసింది. అంట్లు తోమే పొడి కోసం దాన్ని తవ్వి అమ్మడం వల్లే గోతుల్లో పొరలు కనబడ్డాయి. బూడిద కింద రాతి పనిముట్లు ఉన్నాయి, పైనా దాదాపు అదే రకం పనిముట్లు ఉన్నాయి. అంత ఉత్పాతం తర్వాత కూడా అదే పనితనం ఈ లోయలో కొనసాగిందని 2007లో పరిశోధకులు ప్రకటించారు. పనిముట్లు చేసినవారు మనలాంటి మనుషులా, మనకంటే ముందటి జాతివారా అన్న వాదం ఇంకా తెగలేదు.

ప్రశ్న: ఎర్రగుడి అశోక శాసనంలో కొన్ని పంక్తులు తలకిందులుగా ఉన్నాయని విన్నాను. చెక్కినవాడు పొరపాటు పడ్డాడా? (గుత్తి నుంచి)

జవాబు: తలకిందులు కాదు. కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. నాగలి సాలు చివర తిరిగి వెనక్కి వచ్చినట్టు అనుకోండి. జొన్నగిరి దగ్గర బండల మీద ఉన్న ఈ రాతలను 1920ల చివర ఒక భూగర్భ శాస్త్రవేత్త గుర్తించాడు. పెద్ద శిలాశాసనాలు, చిన్న శిలాశాసనం ఒకేచోట ఉండటం దీని ప్రత్యేకత. తిరుగు పంక్తులున్నది చిన్న శాసనంలోనే. అందులోనూ ఒకటి విడిచి ఒకటి అన్న వరస చివరిదాకా సాగదు, మధ్యలో తప్పుతుంది. అందుకే చదవబోయినవాళ్లు తికమక పడ్డారు.

లేఖకుడికి కుడి నుంచి ఎడమకు రాసే ఖరోష్ఠి లిపి అలవాటు ఉండొచ్చు. ఇది మన దగ్గర దొరికిన ఆధారం కాదు గాని, కర్ణాటకలోని బ్రహ్మగిరిలో ఇదే శాసనం రాసిన చపడుడనే లేఖకుడు తన పని పేరును ఖరోష్ఠిలో చెక్కుకున్నాడు. వాయవ్య దిక్కున ఆ లిపి నేర్చినవాళ్లు దక్షిణాదికి వచ్చి పని చేసి ఉంటారనడానికి అది సూచన.

పంక్తుల తిరుగుడు కంటే అందులోని మాట మీద మాకు మక్కువ ఎక్కువ. రాజు ఆజ్ఞను రజ్జుకులకు, అంటే పల్లెల మీద అధికారులకు, చెప్పాలి, వాళ్లు భేరి మోగించి జానపదులకు వినిపించాలి అని ఉంది. మన దండోరా అన్నమాట. తల్లిదండ్రులకు, గురువులకు విధేయులై ఉండాలి, సత్యం పలకాలి అన్న బోధను ఎవరెవరికి అందించాలో చెప్పే జాబితాలో ఏనుగులెక్కేవాళ్లు, 'కరణకులు', బ్రాహ్మణులు ఉన్నారు. కరణకుడంటే రాత పని చేసేవాడు. మొన్నమొన్నటి దాకా ఊరి లెక్కలు రాసిన కరణం మాట, క్రీ.పూ. మూడో శతాబ్దంలో రాయలసీమ బండ మీద ఉందన్నమాట.

ప్రశ్న: భట్టిప్రోలు లిపే తెలుగు లిపికి తల్లి అంటారు. ఎంతవరకు నిజం? ఆ పెట్టెలో ఏముంది? (తెనాలి నుంచి)

జవాబు: రెండో ప్రశ్నతో మొదలుపెడదాం. 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపం తవ్వితే మూడు రాతి ధాతు కరండాలు, అంటే బుద్ధుని అవశేషాలు (ధాతువులు) దాచే పెట్టెలు, దొరికాయి. అప్పటికే స్తూపం పైభాగం చాలావరకు పోయింది, దాని ఇటుక రోడ్లకు పోయింది. గర్భంలో లోతుగా ఉండటం వల్ల కరండాలు బతికాయి. రాతి పెట్టె, దానికి రాతి మూత, లోపల స్ఫటిక భరిణె, అందులో ధాతువు, చుట్టూ బంగారు పూలు, పూసలు. ఒక మూత అంచున ఉన్న ప్రాకృత వాక్యానికి అర్థం ఇది: కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు కలిసి బుద్ధుని శరీర ధాతువులు నిక్షేపించడానికి ఈ మంజూషను (పెట్టెను), స్ఫటిక సముద్గాన్ని (భరిణెను) చేయించారు. రాజు పేరు అక్కడ లేదు. అమ్మానాన్నలు, కొడుకు, ఇంకొకరు, అంతే. వేరే కరండం మీద నిగమ సభ్యుల, అంటే వర్తకుల, పేర్లు వరసగా ఉన్నాయి. కుబిరకుడనే రాజు పేరు కూడా ఇక్కడే వస్తుంది. తెలుగు దేశంలో ఒక ఊరివాళ్లు చందా వేసుకుని చేసిన పనికి ఇంత పాత రశీదు ఇంకెక్కడ ఉంది!

ఇక లిపి. అశోకుని శాసనాల లిపి అయిన మామూలు బ్రాహ్మిలో 'క' రాస్తే అందులోనే 'అ' కలిసి ఉంటుంది. భట్టిప్రోలు లేఖకుడు అలా అనుకోలేదు. ఉత్త హల్లును హల్లుగానే ఉంచి, 'అ' పలకాలంటే ఒక చిన్న అడ్డగీత తగిలించాడు. ఆ గీత మామూలు బ్రాహ్మిలో 'ఆ' గుర్తు. మరి దీర్ఘం రాయాలంటే? గీత కొసను వంచి కిందికి లాగాడు. ఈ సంగతి తెలియకుండా చదివితే ప్రతి 'క' మీకు 'కా' అనిపిస్తుంది. ఘ, జ, మ, ల, ష వంటి అక్షరాల రూపాలు కూడా వేరు. అయితే అక్కడే దొరికిన ఆరు పలకల స్ఫటికం మీది రాత మాత్రం మామూలు బ్రాహ్మి. అంటే ఒకే స్తూపానికి కానుకలిచ్చినవాళ్లలో రెండు రాత పద్ధతులు తెలిసినవాళ్లున్నారు.

కాబట్టి 'తల్లి' అన్నమాట మేము వాడం. 'అ'కు విడిగా గుర్తు పెట్టే ఆలోచన తొలి తమిళ బ్రాహ్మిలోనూ కనిపిస్తుంది. కానీ ఆ తర్వాతి ఆంధ్ర శాసనాలు మామూలు దక్షిణ బ్రాహ్మి దారినే నడిచాయి, మన అక్షరాలు వంపులు తిరుగుతూ పెరిగింది ఆ దారిలోనే. మన తలకట్టు భట్టిప్రోలు గీత నుంచి వచ్చిందని చెప్పేవాళ్లున్నారు. తలకట్టు అక్షరం నెత్తిన ఉలి వేసిన చిన్న మొన నుంచి పెరిగింది. రెండూ వేరు వేరు గీతలు.

ప్రశ్న: 'నాగబు' తొలి తెలుగు మాటేనా?

జవాబు: అమరావతి రాతిముక్క మీద వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించిన మాట అది. '-బు' తెలుగు ప్రత్యయమే కావచ్చు. అయితే అది విరిగిన ముక్క. 'నాగబుద్ధు' వంటి పేరులో మొదటి భాగమే మిగిలిందని వాదించేవాళ్ల మాటలోనూ బలముంది. దాని మీద మాత్రమే ఆధారపడకండి. పూర్తి వాక్యంగా తెలుగు చదవాలంటే కడప జిల్లా ఎర్రగుంట్ల మండలం కలమళ్లకు రండి. రేనాడు ఏలిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం, సుమారు క్రీ.శ. 575 నాటిది. దేశభాష అంతకు ముందు కూడా తొంగి చూసింది. శాతవాహనుల వెండి నాణేలకు ఒకవైపు ప్రాకృతం ఉంటే, రెండోవైపు 'పుత్ర' ఉండాల్సిన చోట 'మకన్' అనే ద్రావిడ మాట ఉంటుంది.

ప్రశ్న: అమరావతి స్తూపం లండన్‌కు తరలిపోయిందని బాధపడతాం. దాన్ని పాడు చేసింది ఇంగ్లీషువాళ్లేనా? (గుంటూరు నుంచి)

జవాబు: లండన్‌కు వెళ్లింది మిగిలిన వాటిలో ఒక భాగం. అసలు నష్టం అంతకుముందే మొదలైంది, తర్వాతా ఆగలేదు. వరుస చెబుతాం.

వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి విడిచి అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు ఇటుకకూ రాయికీ పనివాళ్లు దీపాలదిన్నెను, అంటే స్తూపం ఉన్న దిబ్బను, తవ్వారు. బొమ్మల రాళ్లు బయటపడ్డాయని తెలిసి 1797లో కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. మళ్లీ 1816లో వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు కోసం గొయ్యి తవ్వేశారు. పలకలు కొన్ని శివగంగ కోనేటి మెట్లకు వెళ్లాయి. మెకంజీ బృందం ఉన్నవాటిని జాగ్రత్తగా కొలిచి బొమ్మలు గీసింది. తర్వాత మాయమైన ఎన్నో పలకలకు ఇప్పుడు ఆ గీతలే దిక్కు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసులో ఏళ్ల తరబడి ఎండా వానల్లో పడి ఉండి, 1859లో ఓడెక్కాయి. 1880లో మద్రాసు గవర్నరు ఆజ్ఞతో దిబ్బ మధ్యభాగాన్ని పూర్తిగా తోడేశారు. ఏ పలక ఎక్కడ పడి ఉందో రాసుకోలేదు. దాదాపు 50 మీటర్ల వ్యాసం ఉన్న కట్టడానికి మిగిలింది గుండ్రటి గొయ్యి. మాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ ఘట్టమే. ఎత్తుకెళ్లిన రాయిని ఏదో ఒక రోజు అడగొచ్చు, పడి ఉన్న చోటు చెరిగిపోతే ఇక ఎవరినడిగినా రాదు.

రాయి సంగతి కూడా తెలుసుకోవాలి. అందరూ పాలరాయి అంటారు గాని, అది పల్నాటి సున్నపురాయి. ఉలికి మెత్తగా లొంగుతుంది కాబట్టే ఆ శిల్పం వచ్చింది. బట్టీలో వేస్తే మంచి సున్నం అవుతుంది కాబట్టే ఎన్నో బొమ్మలు కాలిపోయాయి. చెన్నై మ్యూజియంలో ఒకప్పుడు కొన్ని పలకలను గోడలో సిమెంటుతో బిగించారు. సిమెంటులోని ఉప్పు తడితో రాతిలోకి పాకి, ఆరినప్పుడు స్ఫటికాలై పైపొరను పొట్టులా లేపింది. ఊరి గుళ్లలో పాత విగ్రహాలకు సిమెంటు పూసేవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

స్తూపం ఎలా ఉండేదో తెలిసింది శిల్పులు చేసిన ఒక పని వల్ల. స్తూపం చుట్టూ పెట్టిన పలకల మీద స్తూపాన్నే చెక్కారు: ప్రాకారం, సింహాల ద్వారం, నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన అరుగుల మీద అయిదేసి ఆయక స్తంభాలు, పైన గొడుగులు.

ప్రశ్న: నాగార్జునకొండ దీవి మీద చూసేవి అసలువా, నకళ్లా?

జవాబు: రెండూ ఉన్నాయి. 1926లో ఈ లోయ సంగతి బయటపడింది. పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు 1927లో మొదలయ్యాయి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. నీళ్లు వచ్చేలోగా అని 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వారు. తొమ్మిది కట్టడాలను అసలు సామగ్రితో తిరిగి కట్టారు, పద్నాలుగింటికి నమూనాలు చేశారు. కొన్ని కొండ మీద, కొన్ని అనుపు ఒడ్డున ఉన్నాయి. మెట్ల రంగస్థలాన్ని చూడాలంటే అనుపుకు వెళ్లాలి.

మహాచైత్యం, అంటే అక్కడి పెద్ద స్తూపం, కట్టుబడిని శ్రద్ధగా చూడండి. 106 అడుగుల వ్యాసం గల బండి చక్రంలా నేల మీద ఇటుక గోడలు వేశారు: నడుమ కుండ, ఆకులు, చుట్టూ కమ్మి. మధ్య గదుల్లో మట్టి నింపారు. నిండా ఇటుకే పేర్చితే ఖర్చు, ఉత్త మట్టి పోస్తే వానలకు పొట్ట ఉబ్బి పక్కలు పగులుతాయి. ఈ పద్ధతిలో మట్టి బరువును ఆకుల్లాంటి గోడలు పంచుకుంటాయి. ఇటుక పొడవు 20 అంగుళాలు, వెడల్పు 10, మందం 3. మీ పొలంలో ఇంత పెద్ద ఇటుక తగిలితే అక్కడితో నాగలి ఆపండి. ధాతువు నడి మధ్యలో దొరకలేదు, పక్కనున్న ఒక గదిలో దొరికింది. వెండి కరండం లోపల చిన్న బంగారు భరిణెలో ఎముక ముక్క. గుప్తనిధుల పేరుతో స్తూపాల నడుమ గోతులు తవ్వేవాళ్లు సర్వనాశనం చేస్తున్నది మట్టి పొరలనే.

దీన్ని కట్టించింది చాంతిసిరి. ఆమె అన్నదమ్ముడు, ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు, అశ్వమేధం చేసినవాడు. మేనల్లుడు వీరపురుషదత్తుని ఆరో పాలనా సంవత్సరంలో ఆమె ఆయక స్తంభాలు నిలబెట్టింది. ఒకే ఇంట్లో మగవాళ్లు యజ్ఞాలు, ఆడవాళ్లు బౌద్ధ విహారాలు. ఆ శాసనాలు ఈ సంగతిని ఎంత మామూలుగా చెబుతాయో చూస్తే ముచ్చటేస్తుంది.

ప్రశ్న: మా ఊరి గుడి ముందు రాతి శాసనం ఉంది. మేమే అచ్చు తీయవచ్చా? చాక్‌పీసు రాస్తే అక్షరాలు తేలతాయా?

జవాబు: చాక్‌పీసు వద్దు. మీరు గీసిన చోటే అక్షరం ఉన్నట్టు ఫొటోలో పడుతుంది. మీరు తప్పు చదివితే ఆ తప్పే సాక్ష్యమవుతుంది. పెయింటు, నూనె, పసుపు ఇంకా చెడ్డవి, చెక్కిన గాడి పూడిపోతుంది.

ఎస్టాంపేజీ అనే కాగితం అచ్చు ఇలా తీస్తారు. రాతిని మంచినీళ్లతో, మెత్తటి కుంచెతో కడుగుతారు. ఇనుప బ్రష్షు, యాసిడ్ తగలనివ్వరు. జిగురు పూత లేని మందపాటి చేతి కాగితాన్ని తడిపి రాతి మీద పరుస్తారు. నడుమ నుంచి అంచులకు గట్టి కుచ్చు బ్రష్షుతో కొడుతూ గాలి బుడగలు తోలేస్తే కాగితం గాళ్లలోకి దిగుతుంది. చిరిగిన చోట తడి కాగితం ముక్క అతికిస్తారు. తడి సగం ఆరాక, దీపపు మసితో చేసిన సిరాను గుడ్డ ఉండకు అద్ది పైపైన తడతారు. ఎత్తు భాగం నల్లబడుతుంది, గాడి తెల్లగా మిగులుతుంది. పూర్తిగా ఆరాకే ఊడదీయాలి. చెడిపోయేది ఎక్కువగా రెండు చోట్ల. తడి మీద సిరా వేస్తే కాగితం దాటి రాతికి అంటుతుంది, ఆ మరక పోదు. ఆరిపోయాక వేస్తే కాగితం గాడి నుంచి పైకి లేచి అక్షరం మాసిపోతుంది.

చేయి తిరిగినవాళ్లు చేయాల్సిన పని ఇది. రక్షిత కట్టడమైతే అనుమతి లేకుండా తాకనే కూడదు. మీరు చేయగలిగింది ఫొటో. చీకటి పడ్డాక టార్చిని రాతి పక్కన, ముఖానికి దాదాపు సమాంతరంగా పట్టుకోండి. గాళ్లలో నీడ పడి అక్షరాలు లేస్తాయి. ఎడమ, కుడి, పైన, కింద వెలుగుతో నాలుగు ఫొటోలు, పక్కన స్కేలు పెట్టి తీయండి. ఒక వెలుగులో కనబడని సున్న మరో వెలుగులో కనబడుతుంది. రాయి నాలుగు ముఖాలూ చూడండి. ఫొటోలను రాష్ట్ర పురావస్తు శాఖకో, మైసూరులోని కేంద్ర శాసన విభాగానికో పంపండి.

ప్రశ్న: గోదావరి ఒడ్డున సీసం నాణేలు దొరికాయి. చింతపండుతో తోమితే మెరుస్తాయా? (జగిత్యాల జిల్లా నుంచి)

జవాబు: తోమకండి. సీసం చాలా మెత్తన, పులుపు దాన్ని తినేస్తుంది. పైన తెల్లపొడి ఉంటే అది సీసపు తుప్పు, విషం. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. చెక్కపెట్టెలో కూడా పెట్టకండి, చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి చాలు నాణెం పొడి కావడానికి. ఒక్కోదాన్ని విడివిడిగా చిన్న పాలిథీన్ సంచిలో వేసి, దొరికిన చోటు, లోతు, తేదీ చీటీ మీద రాసి పెట్టండి.

ఆ చీటీ విలువ ఏమిటో మీ జిల్లా కోటిలింగాలే చెబుతుంది. పెద్దవాగు గోదావరిలో కలిసే ఆ చోట గోభద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప అనే పేర్లున్న నాణేలు దొరికాయి. శాతవాహనులకు ముందు ఇక్కడ ఏలినవాళ్లు వీళ్లు. ఏ గ్రంథంలోనూ లేని పేర్లు. శాతవాహన వంశానికి మొదటివాడైన సిముకుని నాణేలు, 'చిముక' అన్న పేరుతో, అక్కడే దొరికాయి. ఇవే నాణేలు ఎక్కడివో తెలియకుండా ఏ దుకాణంలోనో బయటపడి ఉంటే, ఈ రాజులను గోదావరి ఒడ్డుకు చేర్చే దారి ఉండేది కాదు.

చట్టం ప్రకారం, 1878 నిధుల చట్టం కింద, పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే మీ వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు. మండల కార్యాలయంలో అర్జీ ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకోండి.